పాత వెండి రూపాయలు కూడబెట్టాలంటే ఏ రకంతో మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. తాతగారి ట్రంకుపెట్టెలో ఏడు నాణేలు దొరికాయి: 1840 విక్టోరియా ఒకటి, 1885 విక్టోరియా ఒకటి, 1907 ఎడ్వర్డు ఒకటి, 1918 జార్జివి రెండు, చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయి ఒకటి, పులి బొమ్మ ఉన్న 1947 రూపాయి ఒకటి. వీటిని పట్టుకుని వెండి నాణేల సేకరణ మొదలుపెట్టాలని ఉంది. నెలనెలా కొంత డబ్బు పక్కన పెట్టగలరు. మొగలాయీలవా, ఈస్ట్ ఇండియా కంపెనీవా, నిజాంవా, ఇప్పుడు ప్రభుత్వం వేస్తున్న స్మారక నాణేలా అన్నది తేలడం లేదు. పెట్టుబడిగా పనికొస్తుందా అని కూడా అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. 1835 నుంచి 1945 వరకు బ్రిటిష్ ఇండియా వెండి రూపాయల్లో రకానికి ఒక్కటి చొప్పున పది నాణేలు పోగుచేయండి. ప్రతిదీ మీ చేతనైనంత మంచి స్థితిలో ఉన్నది చూసి కొనండి. అది అయ్యాక, లేదా అది నడుస్తుండగానే, నిజాం చార్మినార్ నాణేల్లోకి వెళ్ళండి. మొగలాయీ రూపాయలు, ఇంకా పాతవైన విద్ధాంక నాణేలు, అంటే వెండి ముక్కల మీద గుర్తులు గుద్దినవి, ఇప్పుడే వద్దు. స్మారక నాణేలు మనసుకి నచ్చితే ఒకటీ అరా కొనుక్కోండి, అంతే.

ఈ వరస ఎందుకంటే, కొత్తగా వచ్చినవాళ్ళు డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా నకిలీల వల్ల, స్థితి తెలియకపోవడం వల్ల. ఈ రెండింటినీ మీ అంతట మీరు పట్టుకోగలిగే నాణేలతో మొదలుపెట్టాలి. బ్రిటిష్ రూపాయికి బరువు, వెండి పాలు, అచ్చు అన్నీ చట్టం ప్రకారం ఖాయం. 1835లో కంపెనీ ప్రభుత్వం దేశమంతటికీ ఒకే రూపాయి అని నిర్ణయించినప్పుడు బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. వెండి పన్నెండింట పదకొండు పాళ్ళు, అంటే 91.7 శాతం. మన పెద్దవాళ్ళు తులం అన్నది ఈ రూపాయి ఎత్తునే, ఎనభై తులాలైతే శేరు. విలియం పోయి విక్టోరియా వచ్చినా, కంపెనీ పోయి రాణి ప్రభుత్వం వచ్చినా ఈ కొలత మాత్రం 1939 దాకా మారలేదు. వందేళ్ళకు పైగా ఒకే బరువు నిలబడిన నాణెం కాబట్టి ఒక చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు, ఒక భూతద్దం ఉంటే చాలు, చాలా సందేహాలు ఇంట్లో కూర్చునే తీర్చుకోవచ్చు. మొగలాయీ నాణేల దగ్గర ఈ సౌకర్యం ఉండదు.

ఆ పది రకాలు ఇవీ

మొదటిది 1835 విలియం రూపాయి. రాజు తల కుడివైపు తిరిగి ఉంటుంది, కిరీటం ఉండదు. వెనకవైపు ఆకుల దండ మధ్యలో ఇంగ్లీషులోనూ పారశీలోనూ ఒక రూపాయి అని ఉంటుంది, చుట్టూ ఈస్ట్ ఇండియా కంపెనీ పేరు. 1840 దాకా కొట్టినా వీటి మీద సంవత్సరం 1835 అనే ఉంటుంది.

రెండు, మూడు రెండూ 1840 విక్టోరియావే. మీ దగ్గరున్నది ఇందులో ఏదో ఇప్పుడే చూసుకోండి. రాణి తల మీదుగా పేరు తెగకుండా ఒకే కమానులా సాగితే అది మొదటి రకం. ఎడమవైపు విక్టోరియా, కుడివైపు క్వీన్ అని తల మధ్యలో అడ్డొచ్చి విడిపోతే రెండో రకం. మెడ కోసిన చోట భూతద్దంతో చూస్తే రెండు డబ్ల్యూ అక్షరాలు కనిపిస్తాయి, అవి అచ్చు చెక్కిన విలియం వైయన్ పేరువి. ఈ తేదీ కూడా అంతే, కొత్త నమూనా వచ్చేదాకా ఇరవయ్యేళ్ళ పాటు 1840 అనే కొట్టారు.

నాలుగోది 1862 విక్టోరియా. 1857 తిరుగుబాటు తర్వాత పాలన కంపెనీ చేతుల్లోంచి రాణికి పోయింది కదా, నాణెం మీద కంపెనీ పేరు పోయింది ఇక్కడే. రాణికి కిరీటం వచ్చింది, పువ్వుల పనితో గౌను వచ్చింది. 1874 దాకా తేదీని 1862 దగ్గరే ఆపేశారు. బొంబాయి టంకశాలవాళ్ళు, అంటే నాణేలు కొట్టేచోటి వాళ్ళు, మాత్రం తేదీ పక్కన, పైన, కింద సన్నటి చుక్కలు పెడుతూ పోయారు. ఈ చుక్కల తేడాలు పట్టుకుని ఏళ్ళ తరబడి పనిచేసేవాళ్ళున్నారు. అందులో చాలా ఆనందం ఉంది, కానీ మీకిప్పుడు ఒక్క 1862 చాలు.

ఐదోది విక్టోరియా ఎంప్రెస్, 1877 నుంచి 1901 వరకు. మీ 1885 ఇందులోదే. ఆరోది 1903 నుంచి 1910 వరకు వచ్చిన ఎడ్వర్డు, కిరీటం లేని తల, వెనక తామర తూళ్ళు. మీ 1907 ఆ గడిలో కూర్చుంటుంది. ఏడోది 1911 నాటి ఐదో జార్జి, ఎనిమిదోది 1912 నుంచి 1922 దాకా వచ్చిన ఐదో జార్జి. తొమ్మిదోది 1938 నాటి ఆరో జార్జి, పాత మేలు వెండిలో చివరి రకం. పదోది 1940 నుంచి 1945 దాకా వచ్చిన సగం వెండి రూపాయి.

ఏడో నాణెం గురించి కాస్త ఆగి చెప్పాలి. 1911లో ఐదో జార్జి పేరుతో కొత్త నాణేలు వచ్చాయి. రాజు భుజాల మీద అంగరఖా, దాని మీద గొలుసు, గొలుసులో చిన్న ఏనుగు. ఆ ఏనుగు తొండం పొట్టిగా, కాళ్ళు కురచగా చెక్కడంతో జనానికి పందిలా కనిపించింది. రాజు ఒంటి మీద పంది ఏమిటని, ముఖ్యంగా ముస్లింల నుంచి, అభ్యంతరం వచ్చింది. ప్రభుత్వం వాటిని ఆపి, టంకశాలలో మిగిలినవాటిని కరిగించి, 1912లో తొండం సాగదీసి కాళ్ళు సరిచేసి మళ్ళీ విడుదల చేసింది. ఈ తేడా పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దంలో స్పష్టంగా తెలుస్తుంది. మీ 1918 నాణేన్ని ఎదురుగా పెట్టుకోండి. అంగరఖా మీది గొలుసులో ఉన్న ఏనుగును వెతకండి. తొండం కిందికి దిగి చివర వంపు తిరిగి కనిపిస్తే మీ నాణెం పెద్దగా అరగలేదని అర్థం. ఏనుగు ఉన్నచోట నున్నటి బుడిపె మాత్రమే మిగిలితే అది బజారులో బాగా తిరిగిన నాణెం. ఐదో జార్జి రూపాయి స్థితి చూడటానికి నేను మొదట చూసేది ఈ ఏనుగునీ, కిరీటం మీది పనినీ. రాజు మొహం తర్వాత. మొహం బాగానే ఉన్నట్టు కనిపిస్తూ ఏనుగు లేచిపోయిన నాణేలు బోలెడు.

పదో నాణెం దగ్గర కూడా కాసేపు ఆగాలి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో వెండికి కటకట వచ్చి 1940లో వెండిని సగానికి తగ్గించారు. మిగతా సగంలో 40 శాతం రాగి, 5 శాతం నికెల్, 5 శాతం జింకు. వెండి తగ్గితే దొంగ నాణేలు కొట్టడం సులువని, అంచుని కొత్తరకంగా చేశారు. నాణేన్ని నిలబెట్టి అంచు చూడండి: నిలువు గీతల మధ్య చుట్టూ ఒక గాడి, ఆ గాడిలో సన్నటి డిజైను. అచ్చు పోసి చేసిన నకిలీల్లో ఈ గాడి మొద్దుబారి ఉంటుంది, లేదా ఒకచోట అతుకు కనిపిస్తుంది. ఇంతకీ ఈ రకంలో లాహోర్ టంకశాల నాణేలు కూడా వచ్చాయి, వాటికి సన్నటి ఎల్ అక్షరం గుర్తు. అఖండ భారతంలో లాహోర్‌లో కొట్టిన రూపాయి చేతిలో పట్టుకుంటే కలిగే భావం వేరు. దొరికితే బొంబాయిది బదులు అదే తీసుకోండి.

మీ 1947 రూపాయి వెండిది కాదు. స్వచ్ఛమైన నికెల్, అయస్కాంతానికి అతుక్కుంటుంది, ఇప్పుడే పెట్టి చూడండి. చాలామంది దాన్ని వెండి అని నమ్మి కొంటున్నారు, అమ్ముతున్నారు. తాతగారిది కాబట్టి దాచుకోండి, బ్రిటిష్ రాజు తలతో వచ్చిన ఆఖరి రూపాయి అది.

పదికి పది దొరుకుతాయా? దొరుకుతాయి. ఇందులో ఏదీ అందని పండు కాదు. కష్టమైనవి 1835, 1911. వీటికి కాస్త ఎక్కువ పెట్టాలి. తేలికైనది 1918. ఎందుకంటే మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యాల ఖర్చుకీ, సరుకుల కొనుగోలుకీ ఇండియాలో వెండి రూపాయలు విపరీతంగా కావలసి వచ్చాయి. 1918 ఒక్క ఏడాదిలో కలకత్తా, బొంబాయి టంకశాలలు ఒక్కొక్కటీ 20 కోట్లకు పైగా రూపాయలు కొట్టాయి. ఆ వెండి కోసం అమెరికా 1918లో ప్రత్యేకంగా పిట్‌మన్ చట్టం చేసి, తన ఖజానాలోని వెండి డాలర్లను 25 కోట్లకు పైగా కరిగించి బ్రిటన్‌కు అమ్మింది. మీ తాతగారి 1918 రూపాయిలో అమెరికా డాలర్ల వెండి ఉండే అవకాశం ఉంది. ఇంత చరిత్ర ఉన్నా ఆ నాణెం అరుదైనది కాదు. పాతది వేరు, అరుదైనది వేరు. అది మొదటి రోజే మనసులో పెట్టుకోండి.

అందుకే రకం ముందు, సంవత్సరం తర్వాత అంటున్నాను. నాకు తెలిసిన ఒకాయన చాలా ఏళ్ళ పాటు చేతికి దొరికిన జార్జి రూపాయి అల్లా కొన్నారు. పెట్టె నిండింది. ఆయన పోయాక కుటుంబం నన్ను పిలిచి చూడమంది. దాదాపు అన్నీ 1916, 1917, 1918, 1919, 1920 నాణేలే, అన్నీ అరిగినవే. వాటికి వెండి ధర తప్ప ఇంకేమీ రాలేదు. అదే డబ్బుతో ఆయన రకానికొకటి మంచివి కొని ఉంటే ఆ పెట్టెను విప్పి చూపించడానికి ఆ ఇంట్లో ఎవరో ఒకరు మిగిలేవారు. ఆ ఇల్లాలు ఒక్కో నాణెం తీసి ఇదేమిటని అడుగుతుంటే, ముందుదానికి చెప్పిందే చెప్పవలసి వచ్చింది. నాకు చాలా బాధ కలిగింది.

పది రకాలూ అయ్యాక ఏదైనా ఒక రాజు దగ్గర ఆగి సంవత్సరాలవారీగా వెళ్ళాలనిపిస్తే ఎడ్వర్డు మంచిది. 1903 నుంచి 1910 వరకు, ఎనిమిదేళ్ళే. కలకత్తాకు గుర్తు లేదు, బొంబాయికి చిన్న బి అక్షరం. ఐదో జార్జి అయితే 1921, 1922 దగ్గర గట్టిగా ఖర్చవుతుంది, అవి బొంబాయిలో తక్కువగా కొట్టినవి. 1939 రూపాయి అయితే అసలు ఆశే పెట్టుకోవద్దు. అది నిజంగా అరుదు. 1938లోని చివరి అంకెను దిద్ది 1939 చేసి అమ్ముతారు. అందుకే నా జాబితాలో ఆ రకానికి 1938 చాలన్నాను.

ఇక నిజాం నాణేలు

తెలుగువాళ్ళుగా మనకి ఇవి ఎంతో దగ్గర. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ హాలీ అనీ, కల్దారు అనీ అంటుంటారు. హాలీ సిక్కా నిజాం రూపాయి, కల్దారు బ్రిటిష్ రూపాయి. హాలీ రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. అందుకే మారకంలో వంద కల్దారు రూపాయలకి వంద కన్నా ఎక్కువ హాలీలు ఇవ్వవలసి వచ్చేది.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1900 దాటిన మొదటి ఏళ్ళలో, యంత్రం మీద కొట్టిన చార్మినార్ నాణేలు మొదలయ్యాయి. మీ రూపాయిలో చార్మినార్ నడిమి కమాను లోపల చూడండి, ఒక అక్షరం ఉంటుంది. గుండ్రటి తలతో కిందికి తోక దిగితే అది మీమ్, మహబూబ్ పేరులో మొదటి అక్షరం. కొక్కెంలా పైన నోరు తెరిచి కింద వంపు తిరిగితే అది ఐన్, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరులోది. అంటే ఒక్క అక్షరంతో ఏ నిజాందో చెప్పేయవచ్చు. హిజ్రీ సంవత్సరం ఉర్దూ అంకెల్లో ఉంటుంది. ఆ పది అంకెలు ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తాయి. హిజ్రీ ఏడాది మన ఏడాది కన్నా పదీ పదకొండు రోజులు పొట్టిది కాబట్టి నేరుగా తీసివేత పనికిరాదు, పట్టిక చూసుకోండి. రెండోవైపు రాజ్యానికొచ్చి ఎన్నేళ్ళయిందో కూడా వేస్తారు. ఈ రెండూ పొంతన కుదరకపోతే అనుమానించాలి.

రూపాయి, అర్ధరూపాయి, పావలా, బేడా నాలుగూ చార్మినార్‌తో ఉన్నాయి. ఇద్దరు నిజాంలకీ కలిపి ఈ చిన్న వరసను పూర్తి చేయడం చాలా ముచ్చటైన పని. ఆఖరి ఏళ్ళలో ఇక్కడా వెండి సగానికి పడిపోయింది. హైదరాబాద్ వెళ్తే సైఫాబాద్‌లోని పాత టంకశాలలో ఇప్పుడు మ్యూజియం ఉంది, తప్పక చూడండి.

ఇంకొకటి కూడా చెప్పనివ్వండి, ఇది మీరు అడగలేదు. 1800 తర్వాత మొదటి దశాబ్దంలో మద్రాసు కంపెనీవాళ్ళు వెండిలో అర వరహా, పావు వరహా కొట్టారు. ముందువైపు నక్షత్రాల మధ్య గోపురం. వెనకవైపు విష్ణుమూర్తి, చుట్టూ తమిళంలోనూ తెలుగులోనూ నాణెం విలువ. తెలుగు అక్షరాలున్న వెండి నాణెం! మంచి స్థితిలో ఉన్నవి ఖరీదు, పైగా చాలావాటిని మెళ్ళో వేసుకోవడానికి కొక్కెం అతికి పాడుచేశారు. ఎప్పటికైనా ఒకటి సంపాదించాలని మనసులో పెట్టుకోండి. నా దగ్గరున్నవాటిలో నేను ఎక్కువసార్లు తీసి చూసుకునేది పావు వరహానే.

మొగలాయీలవి ఇప్పుడే ఎందుకు వద్దంటే

అవి తక్కువవని కాదు. షేర్షా మొదలుపెట్టిన రూపాయిని అక్బరు, జహంగీరు, షాజహాను తీర్చిదిద్దిన తీరు అబ్బురం. కానీ వాటిని చేత్తో సుత్తి దెబ్బ కొట్టి చేశారు. అచ్చు పెద్దది, వెండి బిళ్ళ చిన్నది. టంకశాల పేరు సగం బయటికి పోతుంది, సంవత్సరం అంచు దాటిపోతుంది. మిగిలిన నాలుగు అక్షరాలతో ఎవరిది, ఎక్కడిది చెప్పాలంటే పారశీ లిపి రావాలి. టంకశాలలు కూడా చాలా ఉన్నాయి. మన మచిలీపట్నంలోనూ టంకశాల ఉండేది. అమ్మేవాడు చెప్పిన పేరు నమ్మి కొంటే మీ సేకరణ మీది కాదు, అతని మాటది. జహంగీరు రాశిచక్రం నాణేలు అని ఎవరైనా చవగ్గా చూపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోండి. నకిలీలు తయారైనది ఎక్కువగా వాటికే. లిపి నేర్చుకోవాలన్న కోరిక ఉంటే ఔరంగజేబు రూపాయి మంచి పాఠం, వాటి మీద ఒకే పద్యపాదం పదే పదే వస్తుంది, బజారులో బాగానే దొరుకుతాయి.

శాతవాహనుల, అంతకు ముందరి విద్ధాంక నాణేల విషయంలో నా అభ్యంతరం వేరు. అవి నేలలోంచే వస్తాయి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. పొలంలో కుండ దొరికింది, ఎవరికీ చెప్పకండి అంటూ వచ్చేవాళ్ళతో ఎప్పుడూ బేరమాడకండి. చట్టం సంగతి అలా ఉంచితే, ఆ కుండలో ఏ నాణెం పక్కన ఏ నాణెం ఉందన్నదే చరిత్రకారుడికి కావలసిన సంగతి. దాన్ని పదిమంది పంచుకున్నాక ఇక ఎవరూ తిరిగి తేలేరు.

చట్టం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. దేశంలో సొంతానికి ఉంచుకోవచ్చు, కానీ ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు తీసుకుపోవడం నేరం. ఐదో జార్జి వెండి రూపాయలు 1922తో ఆగాయి కాబట్టి అవన్నీ ఇప్పుడు ఆ గీత దాటేశాయి. అమెరికాలో ఉన్న కొడుక్కి తాతగారి రూపాయి ఇచ్చి పంపుదామనుకునే తల్లిదండ్రులు ఇది గమనించాలి. నూరేళ్ళు దాటినవాటిని వ్యాపారంగా అమ్మేవాళ్ళకి లైసెన్సు ఉండాలి. అడగడానికి మొహమాటపడొద్దు.

స్మారక నాణేలు

1969లో గాంధీ శతజయంతికి వచ్చిన పది రూపాయల నాణెం 15 గ్రాములు, వెండి 80 శాతం. స్వతంత్ర భారతం వెండి నాణేల్లో నాకు బాగా నచ్చేది ఇదే, దొరకడమూ కష్టం కాదు. కొన్నేళ్ళ తర్వాతివి సగం వెండికి దిగాయి. ఈమధ్య వచ్చిన వాటిలో 2023 ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం మన హైదరాబాద్ టంకశాలలో తయారైంది. 44 మిల్లీమీటర్లు, వెండి సగమే. చాలామంది తెలుగువాళ్ళు అభిమానంతో కొనుక్కున్నారు, ఆ అభిమానం విలువైనదే. అయితే ఇవి బజారులో తిరగవు. సేకరించేవాళ్ళ కోసమే పెట్టెలో పెట్టి అమ్ముతారు, కొన్నవాళ్ళంతా జాగ్రత్తగా దాస్తారు. కాబట్టి ముందు ముందు మంచి స్థితిలో ఉన్నవి కరువు కావు. ఇష్టమైన మనిషి, ఇష్టమైన సందర్భం అయితేనే కొనండి.

పెట్టుబడి సంగతి

ఏ నాణేనికైనా రెండు ధరలు: లోపలి వెండిది ఒకటి, సేకరించేవాళ్ళు పైన ఇచ్చేది ఒకటి. మొదటిది లెక్క వేసుకోవడం తేలిక. 91.7 శాతం రూపాయిలో స్వచ్ఛమైన వెండి 10.69 గ్రాములు. 1940 తర్వాతి రూపాయిలో 5.83 గ్రాములు. హాలీ రూపాయిలో 9.14. గాంధీ పది రూపాయల నాణెంలో 12. ఆ రోజు గ్రాము ధరతో గుణిస్తే కనీస ధర వస్తుంది. అరిగిన 1918 రూపాయికి దాని మీద పెద్దగా ఇవ్వకండి, ఎందుకంటే రేపు మీకు ఇచ్చేవాళ్ళుండరు. మంచి స్థితిలో ఉన్న 1835కీ 1911కీ ఇవ్వవచ్చు. వెండి మీదే పెట్టుబడి పెట్టాలనుకుంటే నాణేల జోలికి రాకుండా వెండి కడ్డీయే కొనుక్కోండి, అమ్మేటప్పుడు బేరం ఉండదు. నాణేలు చదువుకుని, పోల్చుకుని, దాచుకునేందుకు.

పాత నాణేలకు లక్షలిస్తామంటూ ఫోన్లో వచ్చే ప్రకటనలు అన్నీ మోసాలే. రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి ముందు కమిషన్ కట్టమంటారు. ఆ బ్యాంకు పాత నాణేలు కొనే వ్యవహారంలో లేదని, కమిషన్ ఎవరినీ అడగదని 2021లో బహిరంగంగా హెచ్చరించింది. అలాగే ఒకవైపు రామపట్టాభిషేకం, ఇంకోవైపు ఈస్ట్ ఇండియా కంపెనీ పేరు, 1818 అని తేదీ ఉన్న బిళ్ళలు ఊరూరా తిరుగుతున్నాయి. కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ కొట్టలేదు. అవి పూజకు పనికొచ్చే బిళ్ళలు, అంతే. వాటి కోసం పొలం కుదువపెట్టినవాళ్ళను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కొనేటప్పుడు చూడవలసినవి

బరువు మొదట. 11.66 గ్రాములకు అరిగిన నాణెం కొంచెం తగ్గవచ్చు, 11.4 దాకా ఒప్పుకుంటాను. ఎక్కువ తూగితే మాత్రం నమ్మను. తర్వాత అయస్కాంతం. తర్వాత అంచు: నిలువు గీతలు చుట్టూ ఒకే దూరంలో పదునుగా ఉండాలి, అతుకు ఉండకూడదు. అక్షరాల పక్కన సూదిమొనల్లాంటి గుంటలు కనిపిస్తే అది పోత నకిలీ. ఇంకా సందేహం ఉంటే దారంతో కట్టి నీళ్ళలో తూచి సాంద్రత చూడండి, మేలు వెండి రూపాయికి 10.3 దగ్గర రావాలి.

నాణెం పైభాగాన, గడియారంలో పన్నెండు ఉండేచోట, అంచు గరుకుగా ఉన్నా, రంగు మారినా కొక్కెం తీసేసిన గుర్తు. మన ఇళ్ళలో రూపాయల దండలు వేసుకునే అలవాటు వల్ల ఇలాంటివి చాలా వస్తాయి. ఇంట్లోవి అయితే అలాగే ఉంచండి. కొనేవి అయితే వద్దు. షరాబులు వెండి పరీక్షకు కొట్టిన చిన్న గుర్తులు మొగలాయీ నాణేల మీద సహజం. యంత్రపు రూపాయి మీద మాత్రం లోపమే.

దయచేసి తోమకండి. చింతపండు, విభూది, పళ్ళపొడి, ఏదీ వద్దు. ఆ నల్లటి పొర వెండి మీద గాలిలోని గంధకం వల్ల ఏళ్ళ తరబడి పట్టింది, దాని వల్ల నాణేనికి హాని లేదు. తోమితే పైపొర అరిగి సన్నటి గీతలు పడతాయి, అవి ఎప్పటికీ పోవు. తోమిన రూపాయిని తెలిసినవాడు చేతిలోకి తీసుకోగానే పక్కన పెట్టేస్తాడు. మట్టి ఉంటే శుభ్రమైన నీళ్ళలో నానబెట్టి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టండి. మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టకండి, కొన్నాళ్ళకు పచ్చటి జిగురు పడుతుంది. రబ్బరు బ్యాండ్లు కూడా దూరంగా ఉంచండి, వాటిలోనూ గంధకం ఉంటుంది. గట్టి అట్ట హోల్డర్లు చవకే, వాటిలో ఒక్కోటి పెట్టి, మీద రకం, సంవత్సరం, టంకశాల, బరువు, ఎవరి దగ్గర ఎప్పుడు ఎంతకు తీసుకున్నారో రాయండి. తాతగారివి అయితే తాతగారి పేరు రాయండి.

ఇప్పుడు మీ ఏడింటి లెక్క చూస్తే: 1840తో రెండు గానీ మూడు గానీ, 1885తో ఐదు, 1907తో ఆరు, 1918తో ఎనిమిది. పదిలో నాలుగు గడులు మీ ఇంట్లోనే నిండాయి. రెండు 1918ల్లో ఏనుగు స్పష్టంగా ఉన్నది వరసలో పెట్టండి. రెండోది ఎవరైనా 1912 తర్వాతి మంచి నాణెంతో మార్చుకుంటామంటే ఇవ్వవచ్చు, కాకపోతే అది తాతగారిది, ఇష్టం మీది. తర్వాత కొనవలసింది 1862, ఆ వెంటనే 1940 తర్వాతి సగం వెండిది. ఈ రెండూ తేలిగ్గా దొరుకుతాయి, వాటి మీద చెయ్యి తిరిగాక 1835కి వెళ్ళండి. 1840 నాణెం ముందువైపూ, నిజాం రూపాయి కమాను దగ్గరా, రెండింటి అంచులూ వెలుతురులో ఫోటోలు తీసి, తూచిన బరువు కూడా రాసి పెట్టండి. ఏ రకమో, ఏ నిజాందో, స్థితి ఎలా ఉందో చూసి చెబుతాను.